గమనభేదములు: దేహము చెల్లించు వెల

కొన్ని సంవత్సరముల క్రిందట వార్షిక క్రీడోత్సవమునకు బాలురను సిద్ధపరచుచున్న దినములలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు 800 మీటర్ల పరుగుపందెమునకు పేరిచ్చెను. మేము పరుగెత్తించు మైదానము చుట్టు 200 మీటర్లు. కావున నాలుగు చుట్లు తిరుగవలెను. నేను వానితో, "మొదటినుండియు అందఱికంటె ముందుండుము, వెనుకబడితివా, మరల అందుకొనలేవు" అని చెప్పితిని. అప్పటికి ఉదయము పదిగంటలు దాటినది. ఎండ చుఱుక్కుమనుచుండెను. బాలుడు నా మాట పాటించి మొదటి చుట్టు బాణమువలె పోయెను. రెండవ చుట్టు ముగియునప్పటికి మోము పాలిపోయెను. మూడవ చుట్టులో కాళ్లు బరువెక్కి, తొట్రుపడి, వేపచెట్టు క్రింద కూలబడి వాంతి చేసికొనెను. "ధైర్యము చాలలేదు" అని నలుగురు వినుచుండగా నంటిని. ఆతడు మరల నెన్నడును ఏ పందెమునకును పేరీయలేదు.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో దేహధర్మశాస్త్రమును నేను చదివినవాడనే. రక్తప్రసరణ పటమును నల్లబల్లపై పుస్తకము చూడకుండ గీయగలను. అయినను ఆ పటమునకును మైదానమునకును సంబంధము కలదని నాకు తోచలేదు. తరువాత చదివి తెలిసికొన్నదానినే యిచట వ్రాయుచున్నాను.

ఒక దూరమును నడచియు పోవచ్చును, పరుగెత్తియు పోవచ్చును, గుట్ట యడ్డమైన యెడల ఎక్కి దిగియు పోవచ్చును. చలిదేశములవారు మంచుమీద జారియు పోవుదురు. దూరమొకటే యైనను దేహము చెల్లించు వెల యొకటి కాదు. వెల యెంత యనునది మొదటి ప్రశ్న. దాని నెంత త్వరగా చెల్లింపవలెను అనునది రెండవ ప్రశ్న. ఆ దినమున నేను విడిచిపెట్టినది ఈ రెండవదానినే.

కాకతీయులు త్రవ్వించిన చెఱువుల నడుమ పెరిగిన మన జిల్లా బాలబాలికలకు దేహములోని యేర్పాటును తెలుపుటకు చెఱువుకంటె మంచి యుపమానము లేదు. పాకాల ఆయకట్టును చూచినవారు సులభముగా గ్రహింతురు. ఊపిరితిత్తులు గాలినుండి ప్రాణవాయువును తీసికొని రక్తమునకిచ్చును. గుండె యా రక్తమును తూమువలె విడుచును. రక్తనాళములు కాలువలు, కండరములు పొలములు. పెద్దవాడొకడు ఊరక కూర్చున్నప్పుడు నిమిషమునకు కాలు లీటరు ప్రాణవాయువును మాత్రమే వాడుకొనును. అప్పుడు గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును త్రోయును. అందులో అయిదవవంతు మాత్రమే కండరములకు పోవును. అతడే తన శక్తికొలది పరుగెత్తినప్పుడు గుండె 20 మొదలు 25 లీటర్లవఱకు త్రోయును. అందు అయిదింట నాలుగువంతులు కండరములకే చేరును. నాడీమండలము నీరటివానివలె కడుపునకు పోవు కాలువలను బిగించును, పనిచేయుచున్న కండరముల కాలువలు విచ్చుకొనును. ఈ యుపమానమున కొక లోపము కలదు: చెఱువు తూమును రాత్రివేళ మూయవచ్చును, గుండెకు రాత్రిలేదు, పగలులేదు.

ఇక నడక సంగతి చూతము. నడచునప్పుడు కాలు నేలపై ఊని, దేహము దానిమీదుగా గడియారపు లోలకమును తలక్రిందులు చేసినట్లు ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు సాగును. పైకి లేచినప్పుడు దాచుకొన్న శక్తి క్రిందికి వ్రాలినప్పుడు ముందుకు పోవుటకు పనికివచ్చును. అందుచేత నడక చవుక. వేగము గంటకు సుమారు 7 కిలోమీటర్లు దాటినప్పుడు ఈ లోలకము పనిచేయదు. మన మెవరి యాజ్ఞయు లేకయే పరుగునకు దిగుదుము. పరుగులో దేహము లోలకము కాదు, బంతి. మడమ వెనుక నుండు లావైన స్నాయువు ప్రతి యడుగునకును రబ్బరువలె సాగి మరల ముడుచుకొని కొంత శక్తిని తిరిగి యిచ్చును. బడికి ఆలస్యమగునప్పుడు మీరు నడకనుండి పరుగునకు మాఱు నా క్షణమును ఒకసారి గమనించి చూడుడు.

ఇటలీదేశపు దేహధర్మశాస్త్రజ్ఞుడు రొడోల్ఫో మార్గారియా 1938వ సంవత్సరమున ఈ వెలలను కొలిచి ప్రకటించెను. ఆతని లెక్కను సులభముగా చెప్పవలెనన్న, పరుగెత్తువాని దేహము ప్రతి కిలోగ్రాము బరువునకు ప్రతి కిలోమీటరునకు సుమారు ఒక కాలరీ వ్యయపఱచును. (ఆహారశాస్త్రమున వాడు కాలరీనే నేను చెప్పుచున్నాను.) మామూలు నడకలో ఆ వెల యించుమించు సగము. కాజీపేట స్టేషనునుండి వరంగల్లు స్టేషనునకు రైలుదారి సుమారు 10 కిలోమీటర్లు. 40 కిలోగ్రాముల బరువు గల బాలుడు అంత దూరము పరుగెత్తిన 400 కాలరీలు వ్యయమగును; అనగా సుమారు 115 గ్రాముల బియ్యము. నడచిపోయినచో అందులో సగముతో సరిపోవును.

ఇక్కడ ఒక వింత కలదు. నడక విషయమున వేగమునుబట్టి వెల మాఱును గాని, పరుగు విషయమున మెల్లగా పోయినను వడిగా పోయినను మొత్తము వెల ఇంచుమించు అంతే. అట్లయిన వడిగా పరుగెత్తువాడు ఏల కూలబడును? నా విద్యార్థి యా దినమున చేసిన వ్యయమంతయు 32 కాలరీలకు మించదు. అది చిన్న బెల్లపుముక్కలో నుండు శక్తియే గదా! కారణము చెల్లించు కాలమునందున్నది. లెక్క కట్టి చూతము. ఒక లీటరు ప్రాణవాయువుతో దేహము సుమారు 5 కాలరీల శక్తిని పుట్టించును. 40 కిలోగ్రాముల బాలుడు గంటకు 10 కిలోమీటర్ల వేగమున పరుగెత్తిన నిమిషమునకు ఒకటింపావు లీటరుకంటె కొంచె మెక్కువ ప్రాణవాయువు కావలెను. అట్టి ఆరోగ్యవంతుడగు బాలుని గుండెయు ఊపిరితిత్తులును నిమిషమునకు ఇంచుమించు 2 లీటర్లు అందింపగలవు. కావున ఇబ్బంది లేదు. కాని 200 మీటర్ల చుట్టును 30 సెకండ్లలో ముగించినయెడల వేగము గంటకు 24 కిలోమీటర్లు. దానికి నిమిషమునకు మూడు లీటర్లకు పైగా కావలెను. తూము పూర్తిగా తెఱచినను వచ్చునవి రెండే లీటర్లు. అదియుగాక తూము పూర్తిగా తెఱచుకొనుటకే ఒకటి రెండు నిమిషములు పట్టును. పందెము మొదటి యరనిమిషమున అది పూర్తిగా తెఱచుకొనదు.

మిగిలిన శక్తి యెక్కడనుండి వచ్చును? అప్పునుండి. కండరములో కొన్ని సెకండ్లకు చాలు శక్తి నిలువయున్నది. అది యైన తరువాత కండరములోని చక్కెర ప్రాణవాయువు లేకయే విఱిగి శక్తి నిచ్చును. దానితోపాటు లాక్టేటు అను పదార్థము పుట్టును, కండరము పులుసెక్కును. లాక్టేటే అలసటకు మూలమని చాలకాలము పాఠ్యపుస్తకములు చెప్పుచు వచ్చినవి. అది పూర్తిగా సరికాదని తరువాత తేలినది. గుండెయు, తీరికగానున్న కండరములును లాక్టేటును ఇంధనముగా వాడుకొనును. ఏది యెట్లున్నను అప్పు మితిమీఱినప్పుడు కాళ్లు మాట వినవు, వాంతి వచ్చును. పరుగు నిలిచిన పిదపను చాలసేపు రొప్పుచుండుట ఆ యప్పును తీర్చుటకే. దీనికి ప్రాణవాయు ఋణమని పేరిడినవాడు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఏ. వి. హిల్. కండరములలో వేడి పుట్టు విధమును కనుగొన్నందుకు ఆతనికి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను. ఆతడు వీపున సంచి కట్టుకొని పచ్చికపై తానే పరుగెత్తి, విడిచిన గాలిని ఆ సంచిలో పట్టి పరీక్షించెను. ఇతరులను పరుగెత్తించి నీడను నిలుచుండు మావంటి యుపాధ్యాయులు ఇది గమనింపదగును.

అప్పు చేయుట తప్పని నా భావము కాదు. కొన్ని పందెములు అప్పుమీదనే నడచును. వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలములోని కల్లెడ గ్రామమున పుట్టిన జీవాంజి దీప్తి 2024వ సంవత్సరము మే నెలలో జపానుదేశపు కోబె నగరమున 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి, తన తరగతిలో నాటికి ప్రపంచరికార్డును నెలకొల్పెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్ క్రీడలలో 55.82 సెకండ్లతో కాంస్యపతకము గెలుచుకొనెను. గంటకు 26 కిలోమీటర్లకు సమీపమగు వేగమది! బుద్ధివికాసము మందగించినవారికై యేర్పఱచిన తరగతిలో ఆమె పరుగెత్తినది. ఊరివారు చిన్ననాట ఆమెను ఎగతాళి చేసిరని పత్రికలలో చదివితిని. ఇట్టి 400 మీటర్ల పరుగులో శక్తియందు సుమారు అయిదింట రెండువంతులు మాత్రమే అప్పటికప్పుడు పీల్చిన ప్రాణవాయువువలన వచ్చును, తక్కినది అప్పు. నిమిషములోపల ముగియును గనుక ఆ యప్పు భరింపదగును. అయినను నేర్పరియగు పరుగరి మొదటి సగమును రెండవ సగముకంటె కొంచెమే వడిగా పరుగెత్తును. ఎంత యప్పు ఎక్కడ చేయవలెనో ఎఱిగి చేయును. 800 మీటర్లలో మొదటి పావుననే సమస్తమును అప్పు తెమ్మని చెప్పినవాడను నేను.

గుట్ట యెక్కుట వేఱొక విధము. ఇచట దేహము తన బరువును తానే పైకెత్తవలెను. 40 కిలోగ్రాముల బాలుడు 100 మీటర్ల ఎత్తునకు ఎక్కుటకు చేయు పని సుమారు 9 కాలరీలకు సమానము. కండరము తాను వ్యయపఱచిన శక్తిలో నాలుగవవంతునే పనిగా మార్చి తక్కినదానిని వేడిగా పోగొట్టును. కావున అసలు వెల 37 కాలరీలు. చూచితిరా! నిట్టనిలువున 100 మీటర్ల ఎక్కుడు ఒక కిలోమీటరు పరుగుతో ఇంచుమించు సమానము. దిగుట చవుకయే గాని తొడకండరములు సాగుచు బరువును ఆపవలసియుండును. మఱునాటి నొప్పులు ఎక్కుటవలన గాక దిగుటవలననే యెక్కువగా కలుగును.

హైదరాబాదునకు రైలులో పోవునప్పుడు భువనగిరి బండను అందఱును చూచియుందురు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ (ఈ పాకాల వేఱు, మన చెఱువు వేఱు) ఆ బండమీదనే ఎక్కుట నేర్చుకొనెను. గురుకుల పాఠశాలలో చదువుచుండగా 2014వ సంవత్సరము మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖరమును చేరెను. ఖమ్మము జిల్లా విద్యార్థి సాధనపల్లి ఆనందకుమారుడును ఆ యాత్రలోనే శిఖరమెక్కెను. ఆ యెత్తున గాలి యొత్తిడి సముద్రతీరమున నుండుదానిలో మూడవవంతు మాత్రమే. తూము చక్కగా నున్నను చెఱువులోనే నీరు తగ్గినట్లగును. ఒక్కొక్క యడుగునకు పలుమాఱు ఊపిరి పీల్చి నిలువవలెను. వేగము నరులచేతిలో నుండదు, గాలిచేతిలో నుండును.

ఇంతవఱకు చెప్పినవన్నియు కాళ్ల పనులు. చేతులును నడుమును కాళ్లతో సమానముగా పనిచేయు గమన మొకటి కలదు. దానిని చూడవలెనన్న నార్వే, స్వీడన్, ఫిన్లండు దేశములకు పోవలెను. అచ్చట శీతకాలమున పొలములును అడవులును మంచుతో కప్పబడును. జనులు స్కీలను పొడవైన సన్నని చెక్కలను పాదములకు తగిలించుకొని, రెండు చేతులతో రెండు కఱ్ఱలు పట్టి నేలను పొడుచుచు సాగుదురు. స్వీడనులో సేలెన్ మొదలు మూరా పట్టణమువఱకు 90 కిలోమీటర్ల పందెమొకటి 1922వ సంవత్సరమునుండి జరుగుచున్నది. మంచు నెఱుగని మనకు ఇది యెందుకని యడుగవచ్చును. మన తూము సంగతి యింత స్పష్టముగా మఱియెచ్చటను కనబడదు గనుక.

స్కీలపై పోవు పద్ధతులు కొన్ని. ప్రాతది మన నడకవంటిది: కుడికాలితో ఎడమచేయి, ఎడమకాలితో కుడిచేయి. కాలు నేలను తన్నునప్పుడు స్కీ ఒక్క క్షణము నిలువవలెను. ఆ క్షణములోనే తన్నుట ముగియవలెను. రెండవ పద్ధతిలో రెండు కఱ్ఱలను ఒక్కసారి నాటి, నడుము వంచి, కడుపు, వీపు, భుజముల బలముతో దేహమును ముందుకు త్రోయుదురు. మూడవది 1980 ప్రాంతమున వ్యాపించిన క్రొత్త పద్ధతి: స్కీలను ముందువైపు ఎడముగా పెట్టి అంచులతో ప్రక్కకు త్రోయుదురు. ఇందులో స్కీ జారుచుండగనే త్రోయవచ్చును, నిలుపనక్కఱలేదు. కావున వేగ మెక్కువ. ఈ పద్ధతి రాగానే ప్రాతదానిని మింగివేయునట్లుండెను. అందుచేత క్రీడాధికారులు రెంటికిని వేఱువేఱు పందెములు పెట్టిరి. 1988వ సంవత్సరపు కాల్గరీ ఒలింపిక్ క్రీడలలో అట్లే జరిగెను. సమతలమున ఒక పద్ధతి, ఎక్కుడున ఒకటి. బండివాడు ఎక్కుడున ఎద్దులను అదిలించు తీరు మార్చినట్లు స్కీవాడు దారినిబట్టి పద్ధతి మార్చుచుండును.

ఇందులో ఏది యెక్కువ శ్రమ? సమతలమున ఒకే వేగముతో పోవునప్పుడు రెండు కఱ్ఱల పద్ధతికి, నడక పద్ధతికంటె తక్కువ ప్రాణవాయువు చాలును. 90 కిలోమీటర్ల పందెమున ఇటీవలి విజేతలు మొదటినుండి తుదివఱకు ఈ పద్ధతినే వాడుచున్నారు. నిట్టయెక్కుడున మాత్రము కాళ్లు చేతులు రెండును కలిసిన నడక పద్ధతియే దేహముచే అత్యధికముగా ప్రాణవాయువును వాడించును. ఆరోగ్యవంతుడగు సామాన్య యువకుడు కిలోగ్రాము బరువునకు నిమిషమునకు 40 మొదలు 45 మిల్లీలీటర్ల ప్రాణవాయువును గరిష్ఠముగా వాడుకొనగలడు. స్కీవీరులలో ఉత్తములగు పురుషులు 80 మొదలు 90 వఱకు వాడుకొందురు. ఇంతకంటె అధికముగా నరులలో చూచుట అరుదు.

అయితే రెండు కాళ్లు వాడుకొనుదానికి రెండు చేతులు వాడుకొనుదానిని కలిపిన మొత్తము రాదు. అన్ని మడులకు ఒకేసారి నీరు విడిచిన చివరిమడి యెండునుగదా! చేతులు కాళ్లు కలిసి పూర్తిగా పనిచేయునప్పుడు కండరములు అడుగు రక్తము గుండె యీయగలిగినదానిని మించును. ఊరక యున్నయెడల రక్తపుటొత్తిడి పడిపోవును. అందుచేత నీరటివాడు, అనగా నాడీమండలము, పనిచేయుచున్న కండరముల కాలువలనుగూడ కొంచెము బిగించును. చేతుల కండరములు రక్తమునుండి ప్రాణవాయువును కాళ్లంత చక్కగా పిండుకొనజాలవు; అవి లాక్టేటును విడుచును, కాళ్లు దానిని ఇంధనముగా వాడుకొనును. ఒకే యింటిలో అన్న సంపాదన తమ్ముడు తిన్నట్లు.

మన యెండలలో చేతుల స్థానమున వేఱొక పొలము నీరడుగును. అది చర్మము. కండరము తన శక్తిలో మూడువంతులు వేడిగా మార్చునని చెప్పితిని. ఆ వేడి బయటికి పోవలెనన్న రక్తము చర్మమునకు పోవలెను, చెమట పోయవలెను. చెమటవలన రక్తములోని నీరే తగ్గును. స్కీవానికి చలి సహాయము. మన బాలునికి పదిగంటల యెండ పోటీదారు. ఆ దినమున నా విద్యార్థి పందెమెత్తినది తోడి బాలురతో మాత్రమే కాదు.

తలిదండ్రులకు ఒక మాట. కాలువలో నీరు పాఱుచున్నను అందు సారము లేకున్న ప్రయోజనము లేదు. రక్తములోని హీమోగ్లోబిను ఒక గ్రాము సుమారు 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోయును. 100 మిల్లీలీటర్ల రక్తమున 15 గ్రాములున్న 20 మిల్లీలీటర్లు. 9 గ్రాములే యున్న 12 మాత్రమే. 2019 మొదలు 2021 వఱకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో 15 మొదలు 49 ఏండ్లలోపు భారతస్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. డ్రిల్లులో వెనుకబడు బాలికను సోమరియని పిలుచుటకు ముందు రక్తపరీక్ష చేయించుట మేలు. బడిలో వారమునకొకటి యిచ్చు నీలిరంగు ఇనుపమాత్రలు కొన్ని కిటికీ క్రింది పూలకుండీలలో కనబడుచున్నవి. పూలమొక్కలకు రక్తహీనత లేదు.

ఇప్పుడు మేము అభ్యాసమును ఉదయము ఆరున్నరకు మొదలిడి ఎనిమిదికి ముగించుచున్నాము. మొదటి పది నిమిషములు నడకయు మెల్లని పరుగును. తూము తెఱచుకొనుటకు వ్యవధి. దూరపు పరుగు నేర్చుకొనువాడు మొదటి వారములలో ప్రక్కవానితో మాటలాడుచు పరుగెత్తవలెను. మాట తెగి రొప్పు వచ్చెనా, వేగము తగ్గింపవలెను. 800 మీటర్లవారికి మొదటి చుట్టు ఎన్ని సెకండ్లలో ముగింపవలెనో ముందే చెప్పి, గడియారము పట్టుకొని నేను గీతయొద్ద నిలుచుందును. అంతకంటె వడిగా వచ్చినవానిని ఆ దినము మరల మొదలుపెట్టింతును. పిల్లలకిది నచ్చదు.

క్రిందటి నెలలో ఆ బాలుడు, ఇప్పుడు కళాశాల విద్యార్థి, సోదరిని చూచుటకు బడికి వచ్చెను. ఈ లెక్కలన్నియు చూపి, ఆనాటి మాటకు క్షమింపుమని యడిగితిని. ఆతడు కాగితమును తీసికొని చాలసేపు చూచి, "మొదటి చుట్టు 30 సెకండ్లు కాదండీ, 28" అనెను.